ఉపగ్రహానికి చెట్టు బరువు తెలీదు

(ఉపగ్రహాల బొమ్మలు చూసి అడవినీ పంటనీ ఎలా లెక్కేస్తారన్నదాని మీద, రాజమహేంద్రవరంలో డిగ్రీ విద్యార్థులు, కొందరు రైతులు, అటవీ సిబ్బంది కూర్చుని విన్న ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది వక్త మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలోవాళ్ళకి వినపడుతోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, మైకులో హోరు వస్తోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ముందు ఉపగ్రహం తీసిన ఈ బొమ్మ చూడండి. ఏమిటిది? అంతా ఎర్రగా ఉంది, మధ్యలో నల్లటి పాయలు. ఎవరో గోదావరి అన్నారు, ఎవరమ్మా అన్నది? కరెక్ట్. మన గోదావరే. అదిగో ధవళేశ్వరం ఆనకట్ట, అక్కణ్ణుంచి ఇటు గౌతమి, అటు వశిష్ట. మధ్యలో ఆ ఎర్రగా ఉన్నదంతా కోనసీమ. కోనసీమ అనగానే పచ్చదనం అంటాం కదా, మరి ఇక్కడ ఎర్రగా ఎందుకుంది? ప్రింటు తప్పా? కాదు.

మన కన్ను చూసేది ఎరుపు దాకానే. ఎరుపు దాటాక కూడా కాంతి ఉంది, దాన్ని పరారుణం అంటారు, ఇన్‌ఫ్రారెడ్. ఆరోగ్యంగా ఉన్న ఆకు ఎర్ర కాంతిని దాదాపు మొత్తం మింగేస్తుంది, ఎందుకంటే దాని వంటకి అదే కావాలి, కిరణజన్య సంయోగక్రియ అని చిన్నప్పుడు బట్టీ పట్టారే, ఆ వంట. పరారుణం మాత్రం దానికి అక్కర్లేదు, మీద పడినదాంట్లో ఇంచుమించు సగం వెనక్కి కొట్టేస్తుంది. అంటే ఆకు పచ్చరంగులో కంటే పరారుణంలోనే ఎక్కువ మెరుస్తుంది. మనకు ఆ మెరుపు కనపడదు, కెమెరాకి కనపడుతుంది. కెమెరా చూసినదాన్ని మనకి చూపించాలంటే మనకు తెలిసిన రంగొకటి వెయ్యాలి కదా, ఎరుపు వేశారు. అందుకే ఎంత ఎర్రగా ఉంటే అంత మంచి ఆకు. మొదటిసారి చూసిన రైతులు కంగారుపడతారు, నా పొలం తగలబడిందేమిటని.

ఇది మొదట యుద్ధంలో పనికొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో ట్యాంకుల మీద ఆకుపచ్చ రంగు పూసి, ఆకుపచ్చ గుడ్డలు కప్పి దాచేవాళ్ళు. కంటికి చెట్లలా ఉండేవి. పరారుణ ఫిల్ము మీద మాత్రం దొరికిపోయేవి, పెయింటు ఆకులా మెరవదు కదా. ఇలా తాకకుండా దూరం నుంచి చూసి తెలుసుకోవడాన్ని రిమోట్ సెన్సింగ్ అంటారు. మన దేశంలో అది దేనితో మొదలైందో తెలుసా? ఈ హాల్లో కొబ్బరి రైతులున్నారు, మీరు సంతోషించే విషయం. కొబ్బరిచెట్టుతో. 1970లో, అప్పటికి మనకి ఉపగ్రహం లేదు, పిషారోటీ గారని ఒక పెద్దాయన, ఇస్రోలో ఉండేవారు, వాళ్ళ బృందం కేరళలో హెలికాప్టర్లోంచి ఇదే పరారుణ ఫిల్ముతో కొబ్బరితోటల్ని ఫోటోలు తీసింది. వేరు తెగులు పట్టిన చెట్టు ఏదో, మంచి చెట్టు ఏదో పైనుంచి తేల్చడానికి. ఆయన్నే ఇవాళ భారత రిమోట్ సెన్సింగ్ పితామహుడంటారు.

తర్వాత కథ తొందరగా చెప్పేస్తాను, పరీక్షకి మీరెలాగూ చదువుకుంటారు. 1972లో అమెరికావాళ్ళు భూమిని ఫోటోలు తీసే ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల్లో మొదటిది పంపారు. మనవాళ్ళు 1988 మార్చిలో అలాంటిదే ఐఆర్‌ఎస్-1ఎ పంపారు, రష్యా రాకెట్టు మీద, బైకనూర్ నుంచి. హైదరాబాదులో నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది, బాలానగర్‌లో ఆఫీసు, షాద్‌నగర్‌లో ఉపగ్రహాల నుంచి డేటా దించుకునే పెద్ద పెద్ద డిష్షులు. అంటే దేశం మొత్తానికి ఈ బొమ్మలు వచ్చి పడేది మన తెలుగు గడ్డ మీదే. చాలు. అసలు విషయానికి వస్తాను.

అసలు విషయం ఒక్కటే. ఇవాళ ఎవరు చూసినా ఉపగ్రహం చెప్పింది అంటారు. ఉపగ్రహం అడవి పెరిగిందని చెప్పింది, ఉపగ్రహం ఇన్ని టన్నుల కార్బన్ ఉందని చెప్పింది. ఉపగ్రహం ఏమీ చెప్పదండీ. దానికి కాంతి తప్ప ఏమీ తెలీదు. చెట్టు తెలీదు, చెట్టు బరువు అసలే తెలీదు. చెప్పేది మనం. దానిచేత చెప్పించేది మనం. ఎలా చెప్పిస్తామో, ఎక్కడ తప్పు చెప్పిస్తామో, అది మాట్లాడుకుందాం.

బోర్డు మీద చిన్న లెక్క వేస్తాను. మంచి పొలం, పరారుణం 100కి 45 పాళ్ళు వెనక్కి పంపింది, ఎరుపు 5 పాళ్ళే పంపింది. రెండిటి తేడా ఎంత? 40. రెండూ కలిపితే? 50. 40ని 50తో భాగించండి. 0.8. ఇప్పుడు ఎండిన బీడు తీసుకోండి, పరారుణం 30, ఎరుపు 20. తేడా 10, మొత్తం 50, భాగిస్తే 0.2. అయిపోయింది. దీని పేరే ఎన్‌డీవీఐ, పచ్చదనానికి వేసే మార్కు. ఇంత చిన్న లెక్కకి అంత పెద్ద పేరు. తేడా ఒక్కటీ తీసుకుంటే సరిపోదా, మళ్ళీ భాగించడం ఎందుకు అని ఎవరైనా అడగాలి ఇప్పుడు. అడగలేదు, నేనే చెప్తాను. కొండ నీడ పడిందనుకోండి, ఎరుపూ తగ్గుతుంది, పరారుణమూ తగ్గుతుంది. భాగించేస్తే ఆ నీడ చాలావరకు కొట్టుకుపోతుంది. అందుకని.

ఇప్పుడు చూడండి తమాషా. ఆత్రేయపురం దగ్గర వరి, పొట్ట మీద ఉంది, ఎన్‌డీవీఐ 0.8 వచ్చింది. మారేడుమిల్లి దగ్గర మంచి చిక్కటి అడవి, దానికీ 0.8 వచ్చింది. రెండూ ఒకటేనా? బరువు చూద్దాం. వరి ఎకరాకి 30 బస్తాలు, బస్తా 75 కిలోలు, అంటే రెండుంబావు టన్నుల ధాన్యం. గడ్డి కూడా ఇంచుమించు అంతే. కలిపి నాలుగున్నర టన్నులు ఎకరాకి, హెక్టారుకైతే 11 టన్నులు. అడవి? మంచి అడవి హెక్టారుకి 150 టన్నులు సులువుగా ఉంటుంది, ఇంకా పైన కూడా ఉంటుంది. పదమూడు, పద్నాలుగు రెట్లు. ఎన్‌డీవీఐ మాత్రం రెండిటికీ ఒకటే మార్కు వేసింది.

ఎందుకంటే అది పైపొర చూస్తుంది. పుష్కరాల రేవులో ఎండకి అందరూ గొడుగులు వేసుకున్నారనుకోండి, మీరు మేడ మీంచి చూస్తున్నారు. గొడుగులు కనపడతాయి. గొడుగు కింద ఒక్కడున్నాడా, పెళ్ళాం పిల్లలతో ఉన్నాడా, బక్కవాడా, బొండాం లాంటివాడా, మీకేం తెలుస్తుంది? గొడుగులు రేవంతా కప్పేశాక ఇంకో వందమంది వచ్చి వాటికిందే దూరినా పైనుంచి బొమ్మ మారదు. ఆకు నేలని కప్పేశాక ఎన్‌డీవీఐ కూడా అంతే, అక్కడితో ఆగిపోతుంది. చెట్టు బరువంతా ఎక్కడుంది? మానులో, కొమ్మల్లో. ఆకులో ఉన్నదెంత? చాలా కొంచెం. మనం ఆ కొంచెం చూసి మొత్తం చెప్పాలి.

మరి మాను బరువు ఎలా తెలుస్తుంది? నరికి తూస్తే తెలుస్తుంది. నవ్వకండి, అసలు పద్ధతి అదే. ప్రపంచంలో చాలా చోట్ల వేల చెట్లని నరికి, ముక్కలు చేసి, ఆరబెట్టి, తూచి, ఆ తూకాల నుంచి సూత్రాలు తయారుచేశారు. ఇప్పుడు మనం నరకక్కర్లేదు, ఆ సూత్రంలో మూడు సంగతులు పెడితే చాలు. మాను ఎంత లావు, చెట్టు ఎంత ఎత్తు, కలప ఎంత గట్టిది. మాను లావు ఛాతీ ఎత్తులో కొలుస్తాం, మన దేశంలో నేల నుంచి 1.37 మీటర్ల దగ్గర. అటవీ శాఖవాళ్ళకి తెలుసు, టేపు చుట్టి చుట్టుకొలత రాసుకుంటాం.

చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వచ్చింది, అంటే అడ్డం 30 సెంటీమీటర్లు. ఎత్తు 15 మీటర్లు. కలప సాంద్రత 0.6. ఉష్ణమండల అడవులన్నిటికీ వాడే సూత్రం ఒకటుంది, దాంట్లో వేస్తే ఈ చెట్టు పొడి బరువు 440 కిలోలు. నేల పైనున్నది మాత్రమే, వేళ్ళు కాదు. ఇప్పుడు అదే లావు, అదే ఎత్తు, కానీ బూరుగు చెట్టు. బూరుగు కలప తేలిక, సాంద్రత 0.3 అనుకుందాం. బరువు 220 అయిపోయింది. సగం. పైనుంచి చూసే ఉపగ్రహానికి ఇది బూరుగో నల్లమద్దో ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇంకోటి. ఆ టేపు చుట్టే కుర్రాడు, పొద్దున్నించీ కొండెక్కి దిగి అలిసిపోయి, మాను మీద తీగ ఉంటే తీగతో కలిపి చుట్టేశాడు. 94కి బదులు 98 వచ్చింది. నాలుగు సెంటీమీటర్లే కదా. లెక్కలో ఆ చెట్టు 37 కిలోలు పెరిగిపోయింది, దాదాపు తొమ్మిది శాతం. అడ్డాన్ని అడ్డంతోనే గుణిస్తాం కదా, చిన్న తప్పు రెండింతలవుతుంది. తర్వాత ఆ ప్లాటులో, అంటే కొలవడానికి గీసుకున్న నేల ముక్కలో, చెట్ల బరువంతా కలిపి, పొడి బరువులో ఇంచుమించు సగం కార్బనే కాబట్టి దాన్ని 0.47తో గుణించి కార్బన్ అంటాం, దాన్ని ఉపగ్రహం బొమ్మతో ముడిపెట్టి జిల్లా మొత్తానికి పరుస్తాం, ఆఖరికి రంగు రంగుల మ్యాపు, కింద ఒక అంకె, దశాంశాలతో సహా. ఆ అంకె చూసి గౌరవించేవాళ్ళకి తీగ సంగతి తెలీదు.

జీడితోట కథ

నేను కుర్రాడిగా ఉన్నప్పుడు మారేడుమిల్లి వైపు ఒక ప్రాజెక్టులో పనిచేశాను. ఇక్కడున్న ఫారెస్టువాళ్ళకి ఆ కొండలు బాగా తెలుసు. మా పని, మ్యాపులో అడవి అని ఉన్న చోట్లకి వెళ్ళి 0.1 హెక్టారు ప్లాటు వెయ్యడం, అంటే పక్కకి 31.62 మీటర్ల చదరం, దాంట్లో ప్రతి చెట్టూ కొలవడం. మ్యాపు మేమే తయారుచేశాం, నవంబరు బొమ్మతో. చాలా గర్వంగా తయారుచేశాం. ఒక చోట బ్రహ్మాండమైన ఎరుపు, చిక్కటి అడవి అని ముద్ర కొట్టేశాం. నలుగురం బయల్దేరాం, రెండు గంటలు ఎక్కాం, జీపీఎస్ వచ్చేశారు అంది. చూస్తే జీడిమామిడి తోట. గొడుగుల్లా చక్కగా విప్పుకున్న జీడిచెట్లు, కింద గాలికి ఊగే గడ్డి. అడవి లేదు, ఏమీ లేదు. జీపీఎస్ తప్పా అని పక్కకి నడిచాం, చెట్ల కింద అది పది పదిహేను మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కదా. ఎటు నడిచినా జీడే.

అక్కడ ఒక తాత కట్టెలు కట్టుకుంటున్నాడు. కొండరెడ్డి తెగవాడు. ఏం వెతుకుతున్నారు బాబూ అన్నాడు. అడవి తాతా, ఇక్కడ అడవి ఉండాలి అన్నాను. ఎవరు చెప్పారు అన్నాడు. పైనుంచి ఫోటో తీశారు అని మ్యాపు చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు, తిప్పి కూడా చూశాడు. ఎప్పుడు తీసిందిది అని అడిగాడు. వానలు వెళ్ళాక, కార్తీకంలో అన్నాను. అప్పుడాయన అన్న మాట నేను ఇప్పటికీ నా స్టూడెంట్లకి చెప్తాను. కార్తీకంలో అన్నీ పచ్చగానే ఉంటాయి కదా బాబూ, ఎండాకాలం ముందు తియ్యమనండి, అప్పుడు అడవి ఆకు రాల్చేస్తుంది, మా జీడి మాత్రం పచ్చగా ఉంటుంది, ఏది ఏదో మీకే తెలుస్తుంది అన్నాడు.

మాకు పుస్తకాల్లో ఇది ఉంది. రెండు కాలాల బొమ్మలు పెట్టి పోల్చడం, చెట్ల ఆకు ఎప్పుడు వస్తుంది ఎప్పుడు రాలుతుంది అన్నదాన్ని బట్టి జాతిని విడదీయడం. చదివాం, పరీక్ష రాశాం, మార్కులూ వచ్చాయి. పనిలో మాత్రం పెట్టలేదు. వెనక్కి వచ్చి మార్చి బొమ్మ తెప్పించి పక్కన పెట్టి చూస్తే జీడితోటలన్నీ ఎర్రగా మెరుస్తున్నాయి, చుట్టూ కొండ బూడిదరంగు. ఎంత పెద్ద తప్పు చేశామో అప్పుడు తెలిసింది. మా రిపోర్టులో ఆ తాత ప్రస్తావన లేదు. అది నా తప్పే.

అదే కొండల్లో దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. పోడు. కొట్టి కాల్చి రెండు మూడేళ్ళు పండించి వదిలేసిన చోట ఏమవుతుంది? మొదటి వానకే తుప్ప లేస్తుంది, మొక్కలు లేస్తాయి, నాలుగేళ్ళకి పైనుంచి చూస్తే పక్క అడవికీ దీనికీ పచ్చదనంలో తేడా ఉండదు. బరువు చూస్తే పదోవంతు ఉంటుందో ఉండదో. అదే పోడుని కొట్టిన ఏడాదే మార్చిలో ఫోటో తీస్తే, అడవి నాశనం, ఇంత నష్టం అని పేపర్లో వస్తుంది. ఏ ఏడు చూశావు, ఏ నెల చూశావు, అది తెలియకుండా ఎవర్నీ తిట్టకూడదు, ఎవర్నీ పొగడకూడదు.

నేల ఎలా ఉంది, ఎందుకు వాడుతున్నారు

పచ్చదనం సంగతి అలా ఉంది, ఇప్పుడు నేల వాడకం. ఇక్కడ రెండు మాటలున్నాయి, చాలామంది కలిపేస్తారు. నేల మీద ఏముంది అన్నది ఒకటి. దాన్ని మనిషి దేనికి వాడుతున్నాడు అన్నది ఇంకోటి. ఉపగ్రహానికి మొదటిది కొంతవరకు కనపడుతుంది. రెండోది మనం ఊహించాలి. నీళ్ళున్నాయి అని కనపడుతుంది, సరే. అవి మంచినీళ్ళ చెరువా, చేపల చెరువా, రొయ్యల చెరువా, లేక జులైలో ఊడ్పులకి తడిపిన వరి మడా? జులై బొమ్మ ఒక్కటే చూస్తే డెల్టా సగం సముద్రంలో మునిగిపోయిందనుకుంటారు.

కొబ్బరి కింద కోకో వేసినవాళ్ళు ఎంతమందున్నారిక్కడ? చేతులెత్తండి. చాలామంది ఉన్నారు. మీ కోకో ఉపగ్రహానికి కనపడదండీ. కొబ్బరి మట్టల కింద ఉంటుంది కదా. ఒకే ఎకరంలో మీకు రెండు పంటలు, దానికి ఒకటే పంట. మన నేషనల్ సెంటర్‌వాళ్ళు 2004-05 నుంచి ఏటా దేశం మొత్తానికి నేల వాడకం మ్యాపు వేస్తున్నారు, అవిఫ్స్ అనే కెమెరాతో, దాని బొమ్మలో ఒక్కో గడి నేల మీద పక్కకి 56 మీటర్ల చదరం. అంటే మన లెక్కలో 77 సెంట్లు. ఆ 77 సెంట్లకీ ఒకటే రంగు. మన ప్రాంతంలో 77 సెంట్లలో ఎన్ని ఉంటాయి? ఇల్లు, దొడ్డి, నాలుగు కొబ్బరిచెట్లు, అరటి, కాలవ గట్టు, పక్కవాడి వరి. అన్నిటినీ మిక్సీలో వేసి తిప్పితే వచ్చే రంగు అది. ల్యాండ్‌శాట్ గడి 22 సెంట్లు. యూరప్‌వాళ్ళ సెంటినెల్-2 గడి 10 మీటర్లు, అంటే రెండున్నర సెంట్లు, అది మన కమతాలకి కాస్త నయం. దేశం మొత్తం పంటల ధోరణి చూడ్డానికి 77 సెంట్ల గడి బాగా పనికొస్తుంది, దాన్ని తక్కువ చెయ్యడం లేదు. దాన్ని పట్టుకుని మీ సర్వే నంబరు తగువు తీర్చమంటేనే చిక్కు.

ఉపగ్రహం నిజంగా గొప్పగా పనిచేసిన చోటు ఒకటి చెప్తాను, లేకపోతే ఈయన తిట్టడానికే వచ్చాడంటారు. కొల్లేరు. పాత బొమ్మలూ కొత్త బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు. పాతవాటిలో కొల్లేరు ఒక సరస్సులా ఉంటుంది, అంచులు వంకరటింకరగా, దేవుడు గీసినట్టు. తర్వాతవాటిలో గడులు. నల్లటి దీర్ఘచతురస్రాలు, ఒకదాని పక్కన ఒకటి, గళ్ళ లుంగీ పరిచినట్టు. ప్రకృతి ఎక్కడా స్కేలు పెట్టి గీత గియ్యదు. తిన్నని గీత కనపడిందంటే అక్కడ మనిషి చెయ్యి ఉందని. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా, రామ్సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు, అదీ బొమ్మల్లో కనపడుతుంది. ఎవరిది తప్పు, ఎవరి బతుకు పోయింది, అది పెద్ద చర్చ, ఆ చర్చ ఇవాళ వద్దు. నేననేది, అక్కడ ఏం జరిగిందన్నదాని మీద మాత్రం ఎవరూ కాదనలేరు, ఏళ్ళ తరబడి ఫోటోలున్నాయి.

ఇక అడవి ఎంత ఉంది అన్న ప్రశ్న. రెండేళ్ళకోసారి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా రిపోర్టు వస్తుంది, 1987 నుంచి. 2023 రిపోర్టులో దేశంలో అడవులూ చెట్లూ కలిపి 25.17 శాతం అన్నారు. బాగుంది. కానీ అడవి అంటే ఏమిటి అక్కడ? ఒక హెక్టారుకి తగ్గకుండా ఉండాలి, పైనుంచి చూస్తే నేలలో కనీసం 10 శాతం చెట్ల కొమ్మలతో కప్పి ఉండాలి. నేల ఎవరిదైనా సరే, చెట్టు ఏదైనా సరే. ఏదైనా సరే అంటే మామిడితోట, జీడితోట, కొబ్బరితోట కూడా. అంటే ఇందాక చేతులెత్తినవాళ్ళలో హెక్టారు పైన తోట ఉన్నవాళ్ళు, కంగ్రాచులేషన్స్, మీరు అడవి పెంచుతున్నారు! ఇది మోసం కాదండీ, నిర్వచనం రిపోర్టులోనే రాసి ఉంటుంది. మనమే చదవం. హెడ్డింగు చదివి అడవి పెరిగిందని ఒకడు, అబద్ధమని ఇంకొకడు వాట్సాప్‌లో కొట్టుకుంటారు.

సరుగుడు చూడండి. మన ఊళ్ళో పేపరు మిల్లు ఉంది కాబట్టి చుట్టుపక్కల సరుగుడు, జామాయిల్, సుబాబుల్ వేస్తారు. నాలుగైదేళ్ళు పెంచి కొట్టేస్తారు, మళ్ళీ వేస్తారు. కొట్టేసిన ఏడాది బొమ్మలో అది అడవి పోయినట్టే ఉంటుంది. అది కోత. వరి కోసినట్టే సరుగుడు కోశారు. కంప్యూటరుకి ఆ తేడా మనం నేర్పకపోతే అది ఎలా నేర్చుకుంటుంది?

రాడార్ గురించి చెప్పకపోతే మాస్టారు నన్ను వదలరు, సిలబస్‌లో ఉందట. ఇప్పటిదాకా చెప్పిన కెమెరాలన్నీ సూర్యుడి వెలుగు మీద బతికేవి, మబ్బు పడితే గుడ్డివి. సార్వా పంటంతా మబ్బుల కిందే కదా. రాడార్ తన వెలుగు తనే తెచ్చుకుంటుంది, మబ్బుల్లోంచి చూస్తుంది, రాత్రి కూడా చూస్తుంది. దాంట్లో తరంగం పొడవు ముఖ్యం. ఐదారు సెంటీమీటర్ల తరంగం పైన ఆకులకే తగిలి తిరిగొస్తుంది. అది వరికి మంచిది. తడిపిన మడి రాడార్‌కి అద్దంలా నల్లగా కనపడుతుంది, ఊడ్చి పైరు లేచేకొద్దీ తెల్లబడుతుంది, ఆ మార్పుని బట్టే ఎన్ని ఎకరాలు ఊడ్చారో లెక్కేస్తారు. 24 సెంటీమీటర్ల తరంగమైతే ఆకుల్ని దాటి లోపలికి పోయి కొమ్మలకీ మానుకీ తగిలి వస్తుంది. గొడుగు కింద ఎవరున్నారో కొంచెం చెయ్యి పెట్టి తడిమినట్టు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్ళిన నైసార్‌లో ఉన్నది ఇదే. మనదీ నాసాదీ కలిపి చేసిన ఉపగ్రహం. 24 సెంటీమీటర్లది నాసా ఇచ్చింది, దాదాపు 10 సెంటీమీటర్లది మనది. 12 మీటర్ల అడ్డమున్న యాంటెన్నా, గొడుగులా మడిచి పంపారు, పైకెళ్ళాక విప్పుకుంది. 12 రోజులకోసారి భూమంతా చుట్టబెడుతుంది. మరి సమస్య తీరిపోయిందా? పూర్తిగా తీరలేదు. దానికీ ఒక హద్దుంది. హెక్టారుకి 100 టన్నుల దాకా ఉన్న చోట్ల బయోమాస్, అంటే మనం ఇందాకటి నుంచీ అంటున్న చెట్ల బరువు, కొలవడం దాని లక్ష్యం. అంతకంటే చిక్కటి అడవిలో 24 సెంటీమీటర్ల తరంగానికి కూడా 150కీ 250కీ తేడా తెలియడం కష్టం. దానికోసం యూరప్‌వాళ్ళు అదే ఏడాది ఏప్రిల్‌లో బయోమాస్ అని ఉపగ్రహమే పంపారు, దాని తరంగం దాదాపు 70 సెంటీమీటర్లు. దాంట్లో ఒక తమాషా ఉంది, అమెరికావాళ్ళ రక్షణ రాడార్లు అదే తరంగం దగ్గర పనిచేస్తాయి కాబట్టి, ఈ యూరప్ ఉపగ్రహం యూరప్ మీద ఉత్తర అమెరికా మీద కొలతలు తియ్యకూడదు! సొంత ఇంటిని చూడ్డానికి వీల్లేని కన్ను.

మన పాపికొండల్లాంటి చోట రాడార్‌కి ఇంకో కష్టం. దానివైపు తిరిగిన వాలు తళతళా మెరుస్తుంది, వెనక వాలు నీడలో పడుతుంది. లెక్క దిద్దకుండా అలాగే వాడితే కొండకి ఒక పక్క మహారణ్యం, ఇంకో పక్క గడ్డి. వాన పడ్డ మర్నాడు తీస్తే తడికి ఇంకా మెరుస్తుంది. రాత్రికి రాత్రి చెట్లు లావెక్కవు కదా.

ఆఖరుగా విద్యార్థులకి. మా రోజుల్లో ల్యాండ్‌శాట్ బొమ్మ ఒక్కటి కొనాలంటే వందల డాలర్లు, గైడు సంతకం కోసం చెప్పులరిగేలా తిరిగేవాళ్ళం. 2008లో దాన్ని అందరికీ ఉచితం చేశారు. సెంటినెల్ ఉచితం. ఇస్రో మ్యాపుల వెబ్‌సైటు, మన భువన్ ఉంది. మ్యాపులు వేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేరు ఉచితం. మీకు డబ్బు అడ్డం లేదు. కాబట్టి జిల్లా జోలికి, రాష్ట్రం జోలికి పోకండి, మీ ఊరు తీసుకోండి. నవంబరుది ఒకటి, మార్చిది ఒకటి దించుకోండి. మ్యాపు వేశాక మీ నాన్నకో అమ్మమ్మకో చూపించండి, ఇది ఎవరి పొలం, ఈ ఏడు దాళ్వా వేశారా, మినుము వేశారా అని అడగండి. వాళ్ళు నవ్వితే మళ్ళీ వెయ్యండి.

ఒక జాగ్రత్త. మీ మ్యాపు 90 శాతం కరెక్టు అని ప్రాజెక్టు రిపోర్టులో రాస్తారు, అందరూ రాస్తారు. మీ మండలంలో 90 శాతం వరే ఉందనుకోండి. నేను కళ్ళు మూసుకుని మండలం మొత్తం వరి అని ఒకే రంగు పూసేస్తాను. నా మ్యాపు ఎంత కరెక్టు? 90 శాతం! ఒక్క మడ చెట్టు, ఒక్క చెరువు గుర్తుపట్టకుండా. అందుకని ఒక్కో రకానికి విడివిడిగా చెప్పండి, చెరువులు పదికి ఎన్ని పట్టుకున్నాను, సరుగుడు పదికి ఎన్ని పట్టుకున్నాను అని. పరువు తక్కువగా ఉంటుంది, పర్లేదు, అలాగే రాయండి.

ప్రశ్నలు కింద తీసుకుందాం, ఇక్కడ ఉక్కపోస్తోంది. గ్రౌండులో ఆ నిద్రగన్నేరు ఉంది కదా, సైకిళ్ళు పెట్టే చోట, దాన్ని కొలుద్దాం. నా దగ్గర టేపులు రెండున్నాయి. రెండు జట్లుగా వెళ్ళండి, ఒకరి అంకె ఒకరు చూసుకోకుండా రాసుకు రండి, ఎంత తేడా వస్తుందో చూద్దాం. 1.37 మీటర్ల దగ్గర ముందు సుద్దతో గీత పెట్టండి. తీగ ఉంటే టేపు దాని కిందనుంచి పోనివ్వండమ్మా, మీదనుంచి కాదు.